ఫైబర్ సిమెంట్ సైడింగ్‌కి ఏ మేకు వాడాలి: బెజవాడ, గుంటూరు ఇళ్ళకి అమెరికా లెక్క ఎంతవరకు పనికొస్తుంది

చెక్కలా కనిపించే ఫైబర్ సిమెంట్ ప్లాంకులు బయటి గోడలకి సైడింగ్‌గా, అంటే పైతొడుగుగా వేయించడం బెజవాడ, గుంటూరు వైపు ఇప్పుడు కొత్త విషయం కాదు. ఎలివేషన్‌లో ఒక పక్కన అందం కోసం వేయించేవాళ్ళున్నారు, డాబా మీద తేలిక గది కట్టుకుని నాలుగు గోడలూ బోర్డులతోనే మూసేసేవాళ్ళున్నారు, షాపుల ముందు భాగాలకైతే చెప్పక్కర్లేదు. బోర్డు ఏ కంపెనీది, ఎన్ని ఎంఎం, ఏ రంగు అనే దాని మీద గంటలు గంటలు మాట్లాడుకుంటారు కానీ దాన్ని గోడకి పట్టి ఉంచేది ఏంటనేది మాత్రం చివర్లో మేస్త్రికి వదిలేస్తారు, మేస్త్రి తన డబ్బాలో ఏముంటే అది కొట్టేస్తాడు. రెండు మూడు వానాకాలాలు గడిచాక మేకు తల చుట్టూ ఎర్రటి చార కిందకి కారడం, ప్లాంకు అంచు లేచి గాలికి టపటపలాడటం లాంటివి కనిపిస్తే బోర్డు నాసిరకం అనుకుంటారు. చాలాసార్లు బోర్డుది తప్పేం ఉండదు.

క్లుప్తంగా చెప్పాలంటే

బోర్డు వెనక ఏముందో దాన్నిబట్టి మేకా, స్క్రూనా అనేది తేలుతుంది. వెనక చెక్క ఉంటే హాట్ డిప్ గాల్వనైజ్డ్ (కరిగిన జింకులో ముంచి తీసిన) మేకు గానీ స్టెయిన్‌లెస్ మేకు గానీ, పొడవు చెక్కలోకి కనీసం అంగుళంపావు దిగేలా చూసుకోవాలి. వెనక ఇనప ఫ్రేమ్ ఉంటే మామూలు మేకు పనికిరాదు, తుప్పు పట్టని పూత ఉన్న స్క్రూ కావాలి. వెనక ఇటుక గోడే ఉంటే ముందు ఫ్రేమ్ కట్టి దానికి బోర్డు బిగించాలి. జిప్సం బోర్డుకి వాడే నల్ల స్క్రూ, పూత లేని వైర్ నెయిల్, అల్యూమినియం మేకు, స్టేపుల్ పిన్ను, ఈ నాలుగూ బయటి గోడకి వద్దు. సూర్యలంక, మచిలీపట్నం లాంటి తీరం దగ్గరైతే 316 గ్రేడ్ స్టెయిన్‌లెస్ తప్ప వేరే ఆలోచన అక్కర్లేదు.

గందరగోళం ఎక్కడ మొదలవుతోంది

ఈ సైడింగ్ గురించి నెట్‌లో దొరికే సమాచారంలో ఎక్కువ భాగం అమెరికాది. ఆస్బెస్టాస్ లేని ఫైబర్ సిమెంట్‌ని 1980ల మధ్యలో ఆస్ట్రేలియాలో జేమ్స్ హార్డీ కంపెనీ అభివృద్ధి చేసింది, తర్వాత అది అమెరికాలో విపరీతంగా పాకింది. అక్కడ ఇళ్ళ గోడ అంటేనే చెక్క ఫ్రేమ్, నిలువు చెక్కలు 16 అంగుళాలకో 24 అంగుళాలకో ఒకటి ఉంటాయి, వాటి మీద ప్లైవుడ్ లాంటి షీటు, ఆ పైన సైడింగ్. అందుకే వాళ్ళ సూచనలన్నీ మేకు చుట్టూనే తిరుగుతాయి. ఆ వీడియో చూసి ఇక్కడ హార్డ్‌వేర్ షాపుకి వెళ్ళి సైడింగ్ మేకులు అడిగితే ఎవరి దగ్గరా ఆ పేరుతో సరుకు ఉండకపోవచ్చు, ఉన్న వైర్ నెయిల్స్‌నే కిలో తూచి ఇస్తారు. వన్ టౌన్ అయినా, గుంటూరు పట్నం బజార్ అయినా అంతే.

ఇక్కడి ఇల్లు వేరు. ఆర్‌సీసీ పిల్లర్లు, మధ్యలో ఇటుక గోడ, లేదంటే డాబా మీద వేసే తేలిక గదులకి ఇనప స్క్వేర్ ట్యూబులు, ఫాల్స్ సీలింగ్ వాళ్ళు తెచ్చే పల్చటి జీఐ చానళ్ళు. చెక్క ఫ్రేమ్ మీద బయట సైడింగ్ వేసే ఇల్లు ఈ రెండు ఊళ్ళలో వెతికితే గానీ దొరకదు. అంటే అమెరికా సూచనలో బోర్డు గురించి చెప్పింది ఇక్కడా నిజమే, తుప్పు గురించి చెప్పింది ఇక్కడ ఇంకా ఎక్కువ నిజం, కానీ ఫలానా మేకే కొట్టు అన్న వాక్యం మాత్రం ఇక్కడి గోడకి నేరుగా అతకదు. ఏది తీసుకోవాలి, ఏది వదిలేయాలి అనేది తెలియకే ఇంత తికమక.

బోర్డు తీరు ఎలా ఉంటుంది

పోర్ట్‌ల్యాండ్ సిమెంటు, సన్నటి ఇసుక, చెక్క గుజ్జు నుంచి తీసిన సెల్యులోజ్ పీచు, నీళ్ళు. వీటిని పొరలు పొరలుగా షీటు చేసి, మంచి రకమైతే ఆటోక్లేవ్‌లో ఆవిరి ఒత్తిడితో ఉడికిస్తారు. మన దేశంలో ఫైబర్ సిమెంట్ ఫ్లాట్ షీట్లకి ఐఎస్ 14862 అనే స్టాండర్డ్ ఉంది, కొనేటప్పుడు బోర్డు మీదో కంపెనీ కాగితంలోనో ఆ నంబరు ఉందేమో చూసుకోవాలి. హైదరాబాద్ కంపెనీ విశాక ఇండస్ట్రీస్ వి బోర్డులు, ఎవరెస్ట్ బోర్డులు, థాయ్‌లాండ్ నుంచి వచ్చే షెరా ప్లాంకులు, ఇవన్నీ ఈ కుటుంబమే.

ఈ బోర్డు గట్టిదే కానీ చెక్కలా సాగదు. చెక్కలో మేకు దిగితే పీచు పక్కకి జరిగి మళ్ళీ మేకుని బిగించి పట్టుకుంటుంది. ఫైబర్ సిమెంట్‌లో అలా జరగదు, మేకు దిగినచోట పదార్థం నలిగి పొడైపోతుంది. అంటే బోర్డు మేకు కాడని పట్టుకోదు, మేకు తలే బోర్డుని వెనక ఫ్రేమ్‌కి నొక్కి ఉంచుతుంది. ఈ ఒక్క విషయం మనసులో పెట్టుకుంటే మిగతావన్నీ దాని నుంచే వస్తాయి.

ఇంకో సంగతి, ఈ బోర్డు తేమ పీల్చుకుంటే కొద్దిగా పెరుగుతుంది, ఎండితే కొద్దిగా తగ్గుతుంది. వెనకున్న ఇనుము దీనికి సరిగ్గా ఎదురు పని చేస్తుంది. మే నెల ఎండలో బోర్డు ఎండి ముడుచుకుంటుంటే ఇనుము వేడెక్కి సాగుతుంటుంది. 8 అడుగుల ఇనప ట్యూబు 40 డిగ్రీల తేడాకి దాదాపు 1.2 ఎంఎం పెరుగుతుంది, ఉదయం చల్లగా ఉన్న పడమటి గోడ మధ్యాహ్నం మూడింటికి ఎంత కాలిపోతుందో బెజవాడలో ఉండేవాళ్ళకి చెప్పక్కర్లేదు. ఈ లాగులాటంతా పడేది మేకు మీదే, అది ఏళ్ళ తరబడి రోజూ జరుగుతుంది.

మేకు ఎక్కడెక్కడ ఓడిపోతుంది

మొదటిది, వెనక చెక్కలోంచి గానీ ఇనుములోంచి గానీ మేకు మొత్తం బయటికి ఊడి రావడం. రెండోది, మేకు అక్కడే ఉంటుంది కానీ బోర్డు దాని తల మీదుగా చీల్చుకుని బయటికి వచ్చేయడం. మూడోది మెల్లగా జరిగేది, తుప్పు పట్టి కాడ సన్నబడి ఒకరోజు పుటుక్కున తెగిపోవడం. నాలుగోది బోర్డు అంచు దగ్గర పగలడం. గాలివాన వచ్చినప్పుడు మొదటి రెండూ బయటపడతాయి, మూడోది మాత్రం లోపల్లోపల జరుగుతూ ఉండి ఆ గాలివాన కోసం ఎదురు చూస్తుంటుంది.

నున్నటి వైర్ నెయిల్ మొదటి పరీక్షలోనే తేలిపోతుంది. చెక్క కొత్తగా ఉన్నప్పుడు బిగుతుగానే ఉంటుంది కానీ ఆ చెక్క ఎండి, తడిసి, మళ్ళీ ఎండి కొన్ని సార్లు అయ్యేసరికి పట్టు వదిలేస్తుంది. కాడ మీద గాట్ల వలయాలుండే రింగ్ షాంక్ మేకైతే చెక్క పీచు ఆ గాట్లలో చిక్కుకుంటుంది కాబట్టి ఊడి రావడం కష్టం. చెక్క ఫ్రేమ్ మీద పని అయితే అది దొరికితే అదే తీసుకోవడం మేలు.

తల ఎంత ఉండాలి, పొడవు ఎంత ఉండాలి

ప్లాంకుని రెండు రకాలుగా కొడతారు. ఒకటి, మేకులు పై అంచు దగ్గర కొట్టి, దాని మీద పై ప్లాంకు వచ్చి కప్పేసేలా చేయడం, బయటికి మేకు కనిపించదు. రెండోది, కింది అంచు దగ్గర ముఖం మీదే కొట్టడం, మేకు తలలు కనిపిస్తాయి కానీ ఒకే మేకు రెండు ప్లాంకుల్నీ కలిపి పట్టుకుంటుంది.

అమెరికా సూచనల్లో మొదటి పద్ధతికి పెద్ద తల మేకు చెప్తారు, తల వెడల్పు 0.371 అంగుళం, అంటే దాదాపు 9.4 ఎంఎం. రెండో పద్ధతికి 0.267 అంగుళం తల చాలంటారు, అది 6.8 ఎంఎం. ఈ తేడా ఎందుకంటే, పైన మాత్రమే కొట్టిన ప్లాంకుకి కింది అంచు స్వేచ్ఛగా ఉంటుంది, గాలి దాన్ని పట్టుకుని లాగితే భారమంతా పైనున్న మేకు తల మీదకే వస్తుంది. లెక్క వేసి చూస్తే పెద్ద తల కింద బోర్డుని నొక్కి పట్టే జాగా సుమారు 62 చదరపు ఎంఎం, చిన్న తల కింద సుమారు 30. సగం కూడా లేదు. ఈ లెక్కన తల దాదాపు లేని ఫినిషింగ్ పిన్నులూ, బ్రాడ్ మేకులూ బయటి గోడకి ఎందుకు వద్దో వేరే చెప్పక్కర్లేదు. కనపడకుండా ఉంటాయని కొట్టేస్తారు గానీ బోర్డు వాటి మీదుగా జారిపోతుంది.

పొడవు లెక్క తేలికే. చెక్కలోకి కనీసం అంగుళంపావు, అంటే 32 ఎంఎం దిగాలి అనేది బాగా పాటించే కొలత. పై అంచు దగ్గర కొడితే 8 ఎంఎం ప్లాంకు ఒకటే దాటాలి కాబట్టి 40 ఎంఎం, అంటే అంగుళంన్నర పైచిలుకు. మధ్యలో 12 ఎంఎం ప్లైవుడ్ ఉంటే 52, అప్పుడు రెండు అంగుళాల మేకు అంగుళంలో పదో వంతు కూడా తగ్గదు కాబట్టి సరిపెట్టుకోవచ్చు, కచ్చితంగా కావాలంటే రెండుంపావు. ముఖం మీద కొడితే రెండు ప్లాంకులు దాటాలి, 16కి 32 కలిపితే 48, రెండు అంగుళాలు సరిపోతుంది. ప్లైవుడ్‌ని మాత్రం ఆ 32లో కలిపి లెక్కేయకూడదు, వెనకున్న గట్టి చెక్కలోకి దిగిందే లెక్క.

జింకు పూత: అసలు తేడా ఇక్కడే

షాపులో జీఐ మేకు అడిగితే తెల్లగా తళతళలాడేది ఒకటి ఇస్తారు. ఆ మెరుపు చూసి మంచిదనుకుంటారు కానీ అలా మెరిసేవి ఎక్కువగా ఎలక్ట్రో గాల్వనైజ్డ్, కరెంటుతో పల్చగా జింకు పూసినవి. ఆ పూత మందం సాధారణంగా 5 నుంచి 12 మైక్రాన్లు. హాట్ డిప్ అంటే కరిగిన జింకులో ముంచి తీసినవి, ఇవి మసక బూడిద రంగులో, కాస్త గరుకుగా, ఒక్కోచోట జింకు ముద్దలుగా అతుక్కుని ఉంటాయి. చూడటానికి ఏం బావుండవు. అమెరికా స్టాండర్డ్ ఏఎస్టీఎం ఏ153 ప్రకారం ఇలాంటి చిన్న మేకుల మీద జింకు సగటున చదరపు మీటరుకి 305 గ్రాములు, అంటే దాదాపు 43 మైక్రాన్లు ఉండాలి.

జింకు ఇనుముకి బదులు తాను తింటుంది, తాను అయిపోయాకే ఇనుము మీదకి తుప్పు వెళ్తుంది. కాబట్టి పూత మందం అంటే ఆయుష్షే. గాలిలో తుప్పు తీవ్రతని కొలవడానికి ఐఎస్ఓ 9223 అని అంతర్జాతీయ స్టాండర్డ్ ఉంది, అందులో సీ3 అనే మధ్య రకం వాతావరణంలో జింకు ఏడాదికి 0.7 నుంచి 2.1 మైక్రాన్ల దాకా అరుగుతుంది. సముద్రం పక్కన ఉండే సీ5లో 4.2 నుంచి 8.4. బెజవాడ సముద్రానికి 65 కిలోమీటర్ల పైనే దూరం, గుంటూరు నుంచి బాపట్ల 50 కిలోమీటర్ల లోపు, ఉప్పు గాలి ప్రభావం తీరం నుంచి కొద్ది కిలోమీటర్లలోనే బాగా పడిపోతుంది కాబట్టి ఈ రెండు నగరాల్నీ సీ3గా అనుకుంటే పెద్ద తప్పుండదు.

ఏడాదికి ఒకటిన్నర మైక్రాన్ పోతుందనుకుందాం. 7 మైక్రాన్ల మెరిసే పూత నాలుగున్నర ఏళ్ళలో అయిపోతుంది, 43 మైక్రాన్ల మసక పూత 28 ఏళ్ళు వస్తుంది. మొదటి ఏడాది అరిగినంత తర్వాత అరగకపోవచ్చు, రంగు కింద ఉన్న మేకుకి ఇంకొంచెం రక్షణ ఉంటుంది, అయినా ఈ రెండింటి మధ్య ఆరు రెట్ల తేడా మాత్రం ఎక్కడికీ పోదు. బోర్డు పాతికేళ్ళు ఉంటుందని చెప్పి అమ్ముతుంటే, దాన్ని పట్టుకునేది ఐదేళ్ళకే బలహీనపడేదైతే ఆ బోర్డుకి అంత డబ్బు పెట్టి ఉపయోగం ఏంటి.

అల్యూమినియం తుప్పు పట్టదు కదా, అది వాడొచ్చు కదా అని అడిగేవాళ్ళున్నారు. తడి సిమెంటులో క్షారం చాలా ఎక్కువ, పీహెచ్ 12 దాటుతుంది, ఆ క్షారం అల్యూమినియాన్ని తినేస్తుంది. ఆటోక్లేవ్ చేసిన బోర్డులో క్షారం తక్కువే అయినా వాన పడినప్పుడల్లా తడిసే చోట ఆ రిస్కు తీసుకోవాల్సిన అవసరమే లేదు.

నల్ల స్క్రూల సంగతి ఇంకా ముఖ్యం, ఎందుకంటే ఇక్కడ ఎక్కువగా జరిగే పొరపాటు ఇదే. ఫాల్స్ సీలింగ్ చేసే మేస్త్రే ఫైబర్ సిమెంట్ బోర్డు కూడా వేస్తాడు, చేతిలో డ్రైవాల్ నల్ల స్క్రూల డబ్బా ఉంటుంది. దాని మీద ఉండేది ఫాస్ఫేట్ పూత, ఇంట్లోపల జిప్సం బోర్డుకి అది చాలు. బయట గోడకైతే మొదటి వానాకాలంలోనే తల ఎర్రబడటం మొదలవుతుంది. పైగా ఆ స్క్రూ గట్టిపరచిన ఉక్కు, పెళుసుగా ఉంటుంది, బోర్డూ ఫ్రేమూ చెరో వైపు లాగుతుంటే వంగకుండా విరిగిపోతుంది.

తీరం వైపు వెళ్తే

సూర్యలంక దగ్గర గెస్ట్ హౌసులు, నిజాంపట్నం, మచిలీపట్నం వైపు ఇళ్ళు అంటే లెక్క పూర్తిగా మారిపోతుంది. సీ5 అంకెలు తీసుకుంటే మెరిసే పూత ఏడాది, రెండేళ్ళు, హాట్ డిప్ కూడా 5 నుంచి 10 ఏళ్ళే. అక్కడ స్టెయిన్‌లెస్ కావాల్సిందే, అందులోనూ 304 కాకుండా 316. రెండింటికీ ముఖ్యమైన తేడా 316లో ఉండే 2 నుంచి 3 శాతం మాలిబ్డినం, ఉప్పు వల్ల వచ్చే సన్నటి గుంటల తుప్పుని అది బాగా అడ్డుకుంటుంది.

ఇక్కడ ఒక జాగ్రత్త. ఎస్ఎస్ సెల్ఫ్ డ్రిల్లింగ్ స్క్రూ అని అమ్మేవాటిలో చాలావరకు 410 గ్రేడ్. ఇనుముని తొలుచుకుంటూ పోవాలంటే మొన గట్టిగా ఉండాలి, 304, 316లకి ఆ గట్టిదనం రాదు, 410ని మాత్రం వేడి చేసి గట్టిపరచొచ్చు. కానీ తుప్పుని తట్టుకోవడంలో 410 వాటికంటే చాలా కింద. అయస్కాంతం పెట్టి చూస్తే 410 గట్టిగా అతుక్కుంటుంది, 304, 316 అతుక్కోవు లేదా చాలా బలహీనంగా అతుక్కుంటాయి. తీరం దగ్గర 316 వాడాలంటే ముందు వేరే డ్రిల్ బిట్‌తో రంధ్రం వేసుకుని తర్వాత స్క్రూ బిగించుకోవాలి, పని కాస్త ఎక్కువే కానీ దారి అదే.

వెనక ఇనప ఫ్రేమ్ ఉంటే

ఇక్కడి పనుల్లో ఎక్కువ శాతం ఇదే కాబట్టి దీని గురించే ఎక్కువ చెప్పుకోవాలి. మామూలు మేకు ఇనప చానల్‌లో పట్టు నిలవదు. పల్చటి రేకుని గుచ్చుకుని వెళ్ళొచ్చు కానీ పట్టుకోవడానికి అక్కడ మందం ఉండదు. అమెరికాలో ఇనుములోకి గన్‌తో కొట్టే ప్రత్యేకమైన పిన్నులున్నాయి, ఇక్కడ ఆ దారి వెతకడం కంటే స్క్రూ తేలిక. 8 నంబర్ స్క్రూ, అంటే 4.2 ఎంఎం మందం, తల కింద గాట్లుండి బోర్డులోకి తానే సమంగా కూర్చునే రకం వాడాలి, ఇనుము దాటి కనీసం మూడు పూర్తి మరలు అవతలికి రావాలి.

ఫ్రేమ్ మందాన్ని బట్టి మొన మారుతుంది. 1.2 ఎంఎం, ఆపైన ఉన్న స్క్వేర్ ట్యూబ్ అయితే డ్రిల్ మొన, దానికి పక్కన రెండు చిన్న రెక్కలున్న రకం బావుంటుంది. ఆ రెక్కలు బోర్డులో రంధ్రాన్ని స్క్రూ కంటే కాస్త పెద్దగా తొలుస్తాయి, ఇనుము తగలగానే విరిగి పడిపోతాయి. దాంతో ఎండకి ఇనుము సాగినా బోర్డు పగలకుండా కొంచెం కదలడానికి జాగా దొరుకుతుంది. అదే అర ఎంఎం ఫాల్స్ సీలింగ్ చానల్ మీద రెక్కల స్క్రూ వాడితే ఆ రెక్కలు విరక్కుండా చానల్‌నే పెద్దగా చించేసే ప్రమాదం ఉంది, అక్కడ సూది మొన స్క్రూ, ముందే బోర్డులో వేసిన రంధ్రం, ఇవే దారి.

కానీ అసలు ప్రశ్న, అర ఎంఎం చానల్ బయటి గోడకి పనికొస్తుందా అనేది. ఉక్కు రేకులోంచి స్క్రూ ఊడి రావడానికి ఎంత బలం కావాలనేది రేకు మందంతో నేరుగా పెరుగుతుంది. డిజైన్‌లో వాడే సూత్రం ప్రకారం 0.85ని రేకు మందంతో, స్క్రూ వ్యాసంతో, ఉక్కు తన్యబలంతో (తెగకుండా లాగుడుని తట్టుకునే బలంతో) గుణించాలి. ఉక్కు బలం చదరపు ఎంఎంకి 300 న్యూటన్లు అనుకుంటే అర ఎంఎం రేకులో దాదాపు 54 కిలోల దగ్గర స్క్రూ ఊడిపోతుంది, 1.2 ఎంఎంలో 130 కిలోలు. ఇది ఊడిపోయే అంకె, నమ్మదగ్గ భారం అంటే ఇందులో మూడో వంతే తీసుకుంటారు. అంటే 18 కిలోలు, 43 కిలోలు. ఈ అంకెలు గుర్తుంచుకుని గాలి దగ్గరికి వెళ్దాం.

గాలి ఎంత బలంగా లాగుతుంది

కట్టడాల మీద గాలి భారం లెక్కకి మన దేశంలో ఉన్న స్టాండర్డ్ ఐఎస్ 875 మూడో భాగం, అందులో విజయవాడకి ఇచ్చిన ప్రాథమిక గాలి వేగం (బేసిక్ విండ్ స్పీడ్) సెకనుకి 50 మీటర్లు, హైదరాబాద్‌కి 44. వినడానికి దగ్గరగానే ఉన్నాయి కానీ గాలి ఒత్తిడి వేగం వర్గంతో పెరుగుతుంది. హైదరాబాద్‌లో చదరపు మీటరుకి దాదాపు 118 కిలోలైతే ఇక్కడ 150 పైన. మిచాంగ్ తుఫాను 2023 డిసెంబర్ 5న బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు గాలి వేగం గంటకి 90 నుంచి 100 కిలోమీటర్లు. గంటకి 100 అంటే చదరపు మీటరుకి 47 కిలోలే. అంటే ఆ తుఫానుకి నిలబడ్డ గోడ డిజైన్ గాలికి కూడా నిలబడుతుందని చెప్పడానికి లేదు, అది మూడు రెట్ల భారం.

గాలి గోడని నెట్టడమే కాదు, పక్క గోడల్నీ మూలల్నీ బయటికి లాగుతుంది. మేకు మీద భారం పడేది అప్పుడే. నిలువు చానళ్ళు 600 ఎంఎంకి ఒకటి, వాటి మీద స్క్రూలు 200 ఎంఎంకి ఒకటి ఉంటే ఒక్కో స్క్రూ 0.12 చదరపు మీటరు మోస్తుంది, అంటే డిజైన్ గాలిలో దాదాపు 18 కిలోలు. పల్చటి చానల్‌లో నమ్మదగ్గ భారం సరిగ్గా అంతే అని పైన చూశాం, మూలల దగ్గర లాగుడు ఇంకా ఎక్కువ కాబట్టి అక్కడ అది చాలదు. ఇక మేస్త్రి ఖర్చు తగ్గిద్దామని స్క్రూలు కూడా 600 ఎంఎంకి ఒకటి వేస్తే ఒక్కోదాని మీద 54 కిలోలు, అంటే పల్చటి చానల్ ఊడిపోయే అంకె దగ్గరికే వెళ్ళిపోయాం. ఇదంతా ఉజ్జాయింపు లెక్క, ఇంటి ఎత్తు, చుట్టూ ఉన్న కట్టడాలు, కిటికీలు అన్నీ కలిపి చూడాల్సింది స్ట్రక్చరల్ ఇంజనీరే, అయినా మూడో అంతస్తు డాబా మీద గదికి ఫాల్స్ సీలింగ్ చానల్ ఎందుకు వద్దో అర్థం కావడానికి ఇది చాలు.

600 దూరం చానళ్ళు, 200 దూరం స్క్రూలు అంటే 8 బై 4 బోర్డుకి 35 స్క్రూలు. 25తో సరిపెట్టేస్తే మిగిలేది పది స్క్రూల డబ్బు. మొత్తం గోడ ఖర్చులో అది కనపడదు కూడా.

ఇటుక గోడ మీద నేరుగా కొట్టొచ్చా

వద్దు. కాంక్రీట్ మేకుని సుత్తితో బోర్డులోంచి గోడలోకి కొట్టడం చూస్తుంటాం, ఆ దెబ్బలకి బోర్డు వెనక వైపు పెచ్చు లేస్తుంది, బయటికి కనిపించదు, మేకు తల కింద పట్టు మాత్రం సగం పోతుంది. ప్లాస్టరు సమంగా లేకపోతే బోర్డు వంకర తిరుగుతుంది. ఇంకా ముఖ్యంగా, బోర్డు వెనక గాలి ఆడక తేమ నిలిచిపోతుంది. గోడకి ప్లగ్గులు వేసి, స్క్రూలతో జీఐ సెక్షన్లో ట్యూబులో నిలువుగా బిగించి, దాని మీద బోర్డు వేస్తే మధ్యలో ఖాళీ ఉంటుంది, పైకీ కిందకీ గాలి ఆడుతుంది. మేకులు త్వరగా ఆరతాయి, ఆరిన మేకు ఎక్కువ కాలం బతుకుతుంది.

కింది అంచు నేలకి కనీసం ఆరు అంగుళాల పైన ఉండాలి అనేది ఎలాగూ ఉన్న సూచనే, 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి సింగ్ నగర్ వైపు రోజుల తరబడి నీళ్ళు నిలిచాక దాని విలువ ఇంకా బాగా తెలిసింది. నీళ్ళలో నానే అవకాశం ఉన్న చోట కింది వరసకైనా స్టెయిన్‌లెస్ వాడటం మంచిది.

కొట్టే తీరు

మంచి మేకు తెచ్చి చెడ్డగా కొడితే ఫలితం ఒకటే. తల బోర్డుకి సమంగా ఆగాలి, లోపలికి దిగకూడదు. 8 ఎంఎం బోర్డులో తల 3 ఎంఎం దిగితే దాన్ని ఆపేది మిగిలిన 5 ఎంఎం, అది కూడా నలిగిపోయిన సిమెంటు. డ్రిల్లింగ్ మెషిన్ ఫుల్ స్పీడులో పెట్టి బిగిస్తే జరిగేది ఇదే, క్లచ్ ఉన్న స్క్రూ డ్రైవర్ వాడితే ఈ తలనొప్పి చాలావరకు ఉండదు. ఎక్కువ దిగిపోయిందా, ఆ గుంటని పుట్టీతో నింపి పక్కన ఇంకోటి కొట్టాలి, నింపడంతో సరిపెట్టకూడదు. పక్కకి వంగి దిగినదానికీ అంతే.

ప్లాంకు పై అంచు దగ్గర కొట్టేటప్పుడు అంచు నుంచి ముప్పావు అంగుళం నుంచి అంగుళం లోపు, చివర్ల నుంచి కనీసం 10 ఎంఎం లోపలికి ఉండాలి. పెద్ద బోర్డులకైతే అంచుకి 12 ఎంఎం, మూలకి 50 ఎంఎం వదలడం మంచి అలవాటు, మూలల దగ్గర ముందు రంధ్రం వేసుకుని తర్వాత బిగించాలి. సిమెంట్ రేకులు వేసే మేస్త్రులకి ఇది కొత్తేం కాదు, హుక్ బోల్టు కంటే రంధ్రం కాస్త పెద్దగా వేసి వాషర్ పెట్టడం వాళ్ళు ఎప్పటి నుంచో చేస్తున్నదే, అదే జాగ్రత్త ఇక్కడా పనికొస్తుంది. రెండు బోర్డుల మధ్య 3 ఎంఎం ఖాళీ వదిలి సీలెంట్ నింపాలి. కోసేటప్పుడూ రంధ్రాలు వేసేటప్పుడూ లేచే దుమ్ములో సిలికా ఉంటుంది, అది ఊపిరితిత్తుల్ని కోలుకోలేనంత దెబ్బ తీస్తుంది, పనివాళ్ళకి ఎన్95 మాస్కులు ఇచ్చి వేసుకునేలా చూడటం ఇంటి యజమాని బాధ్యత కూడా.

ఇప్పటికే వేయించేసినవాళ్ళు

బోర్డులన్నీ పీకాల్సిన పని లేదు. ముందు మూలలు, పై వరస, పడమటి గోడ చూడాలి, గాలి లాగుడూ ఎండ దెబ్బా ఎక్కువ ఉండేది అక్కడే. తల చుట్టూ ఎర్ర చార ఉంటే ఆ స్క్రూని ఒకదాన్ని విప్పి చూడాలి, కాడ నున్నగా ఉండి తల మాత్రమే ఎర్రబడితే ఇంకా టైముంది, కాడ కూడా సన్నబడి ఉంటే ఆ గోడ మొత్తానికి కొత్త స్క్రూలు కావాలి. పాతదాన్ని తీసిన రంధ్రంలోనే కొత్తది పెట్టకూడదు, 40, 50 ఎంఎం పక్కకి జరిపి అదే చానల్ మీద బిగించి, పాత రంధ్రాన్ని బయట వాడే ఫిల్లర్‌తో మూసి రంగు వేయాలి. అరచేత్తో నొక్కితే బోర్డు లోపలికి వెళ్ళి వస్తుందంటే అక్కడ స్క్రూ వెనక పట్టు వదిలేసింది, అలాంటి చోట పూత గురించి ఆలోచించడం కంటే ముందు చానల్ మందం ఎంతో కొలిపించాలి. ఈ పనంతా అక్టోబర్ లోపు చేసేసుకోవాలి, మన తీరానికి పెద్ద తుఫాన్లు ఎక్కువగా వచ్చేది అక్టోబర్ నుంచి డిసెంబర్ మధ్యే.